ఇటుక గూటి పద్యం – టీకా తాత్పర్య సహితం

ఆ.వె.
ఇటుకమీద నిటుక యెట్టి సున్నము లేక
పేర్చ నగును గూడు పెరటిలోన
తడిసియున్న దాని దరికి రానీయకు
పగిలి యెగురు నదియె బాంబు వోలె

అవతారిక: ఈ పద్యం ఏ తాళపత్రంలోనూ లేదు. మా పెరట్లో కొబ్బరిచెట్టు మొదట్లో మిగిలిపోయిన నూటపది ఇటుకలను చూసి టీకాకారుడే కట్టుకున్నది. కవీ టీకాకారుడూ ఒకరే అయితే ఒక సుఖం ఉంది, కవి హృదయం ఏమిటని ఎవరితోనూ తగువు పడక్కర్లేదు. మూలంలో లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని ఒట్టు పెట్టుకున్న వ్యాఖ్యాత మల్లినాథసూరిది మెదకు సీమలోని కొల్చారం. ఆ ఒట్టులో రెండో సగం నా వల్ల కాదు.

ప్రతిపదార్థం: ఇటుకమీదను = కాలిన ఇటుక పైన; ఇటుక = అలాంటిదే ఇంకొకటి; ఎట్టి సున్నము లేక = సున్నం, సిమెంటు, బురద ఏదీ పూయకుండా; పెరటిలోన = ఇంటి వెనక, బట్టలు ఆరేసే తీగకు దూరంగా; గూడు = రొట్టెలు కాల్చుకునే పొయ్యిని; పేర్చన్ అగును = పేర్చవచ్చును; తడిసియున్న దాని = నీళ్ళు తాగిన ఇటుకను; దరికి రానీయకు = మంట దగ్గరికి తేవద్దు; అదియె = ఆ ఇటుకే; బాంబు వోలె = బాంబులాగా; పగిలి ఎగురును = పేలి లేస్తుంది.

తాత్పర్యం: స్పష్టమే.

విశేషాలు: ‘గూడు’ ఏమిటి, ‘ఓవెను’ అనకూడదా అని శంక. అనకూడదు. ‘ఓవెను’ భగణం, ఆటవెలది రెండో పాదంలో ఐదూ సూర్యగణాలే. పోనీ తెలుగు మాట వాడదామంటే, పొయ్యికి నోరు పైకుంటుంది, కొలిమి కమ్మరిది, ఆవం కుమ్మరిది, కుంపటిని చంకన పెట్టుకుని ఎటైనా పోవచ్చు. మూడు వైపులా గోడ, నాలుగో వైపు నోరు, పైన కప్పు ఉన్నదానికి గూడు తప్ప గతి లేదు.

‘ఎట్టి సున్నము లేక’ అన్నచోటే వ్యాఖ్యాతలు చీలిపోయారు. రిటైరైన మా పక్కింటి ఇంజినీరు గారు ఇది లేఖక దోషమనీ, ‘గట్టి సున్నముతోడ’ అన్నది సరైన పాఠమనీ వాదించారు. గణాలకు లోటు లేదు, యతి మాత్రం చెడుతుంది. యతి సంగతి అటుంచినా ఆ పాఠం మంట ముందు నిలవదు. గట్టిపడిన సిమెంటు తనలో కొంత నీటిని బంధించి ఉంచుకుంటుంది. వేడి 400 డిగ్రీలు దాటితే ఆ నీరు విడిపోయి పట్టు సడలుతుంది, చల్లారాక గాలిలోని తేమ పీల్చి మళ్ళీ ఉబ్బి పొడి రాలుతుంది. ఇటుకకు ఆ భయం లేదు. అది బట్టీలో 900 డిగ్రీల పైన పండి వచ్చింది. అసలు ఇటుక పుట్టిల్లే ఇలాంటిది: మా గోదావరి గట్ల వెంట పచ్చి ఇటుకల్ని సున్నం లేకుండానే పేర్చి, నడుమ సందులు వదిలి, ఊక, కట్టెలు వేసి కాలుస్తారు. కాలేటప్పుడు ప్రతి ఇటుకా కాస్త సాగుతుంది, చల్లారితే ముడుచుకుంటుంది. పక్క ఇటుకతో అతుకు లేదు కాబట్టి ఎవరి ఊపిరి వారు పీల్చుకుంటారు. అతికిస్తే పగులుతుంది.

‘ఇటుకమీద నిటుక’ అన్నాడు గానీ ఎలాగో కవి చెప్పలేదు. దాన్ని అక్షరాలా తీసుకుని నేను నిలువుగా దొంతరలు పెట్టాను. పక్కింటి పిల్లి దూకింది, వామభాగం నేల పాలైంది. కనుక ‘రెండు ఇటుకల సందు మీద మూడో ఇటుక నడుము’ అని అధ్యాహారం చేసుకోవాలి. ముందు గడ్డి చెక్కి, రెండంగుళాల ఇసుక పోసి, మట్టం చూసి, దాని మీద ఇటుకలు పరవాలి. ఇటుక తొమ్మిది, నాలుగు, మూడు అంగుళాలది అయితే లోపల 18 అంగుళాల వెడల్పు, 27 అంగుళాల లోతు, ఆరు వరుసల ఎత్తు. కప్పుకు తొమ్మిదేసి అంగుళాల ఎడంతో ఇనుప యాంగిళ్ళు అడ్డం వేసి, ఇటుక కొసలు వాటి నడుమన ఆనేలా పరిచి, పైన ఇసుకో బూడిదో పోయాలి. ముందువైపు పై రెండు వరుసలు ఇంకో యాంగిల్ మీద మూసేస్తే నోరు నాలుగు వరుసల ఎత్తు మిగులుతుంది. పొగ పైనుంచి వెళుతుంది, గాలి కిందనుంచి వస్తుంది, గొట్టం అక్కర్లేదు. నోరు ఇంకా పెద్దదైతే వేడి పారిపోతుంది, చిన్నదైతే మంటకు ఊపిరాడదు.

మూడో పాదం కేవలం తాపీ మేస్త్రిని ఉద్దేశించింది. కట్టే ముందు ఇటుకలు తడపడం ఆయనకు ఉగ్గుపాలతో వచ్చిన విద్య. పొడి ఇటుక సిమెంటులోని నీళ్ళు పీల్చేస్తుంది కదా. ఇక్కడ సిమెంటే లేదు, అయినా మా మేస్త్రి నేను కాఫీ తాగి వచ్చేలోగా పైపు పట్టి నూటపదింటికీ అభిషేకం చేశాడు. వారం రోజులు ఎండబెట్టి, మూడు పూటలు చిన్న చిన్న మంటలు వేసి గానీ పెద్ద మంటకు సాహసించలేదు. నీరు ఆవిరైతే సుమారు 1,600 రెట్లు పెరుగుతుంది మరి.

అలంకారం: ‘బాంబు వోలె’ ఇటుక విషయంలో అతిశయోక్తి, చాలాసార్లు అది టప్పుమని పెచ్చులూడి ఊరుకుంటుంది. ఏటి గులకరాళ్ళూ సిమెంటు దిమ్మెలూ పెట్టారా, అదే స్వభావోక్తి అవుతుంది.

లోపం: ఎంతసేపు కాల్చాలో కవి మరిచాడు. తుమ్మ కట్టెలతో సుమారు రెండు గంటలు. గోడలకు పట్టిన మసి కాలిపోయి ఇటుక రంగు మళ్ళీ కనిపించాక నిప్పులు వెనక్కి నెట్టి, నేలను తడి గోనెతో తుడిచి, చిటికెడు పిండి చల్లాలి. వెంటనే నల్లబడితే ఆగాలి, మెల్లగా ఎర్రబడితే రొట్టెకు వేళైంది. రొట్టెల తరువాత వంకాయలు, ఆ తరువాత మిగిలిన వేడికి చిలగడదుంపలు.

చివరిగా శ్లేష. ‘పేర్చ నగును’ అంటే ‘పేరుస్తుంటే నవ్వును’ అని కూడా అర్థం. నవ్వేది ఎవరో, కర్త లోపించింది. మా ఇంట్లో ఆ లోపం లేదు. పిల్లి దూకిన నాడు మా ఆవిడ ఈ అర్థాన్నే గట్టిగా సమర్థించింది, పక్కింటి గోడ మీదనుంచి ఇంజినీరు గారు బలపరిచారు. రెండు వారాల తరువాత గూట్లోంచి తీసిన వంకాయను తొడిమ పట్టుకుని ఊదుకుంటూ, ‘పేర్చవచ్చును’ అన్న అర్థమూ చెల్లుతుందేమోలే అంది. ఇంజినీరు గారు రెండో వంకాయ తిన్నారు గానీ పాఠం మాత్రం మార్చుకోలేదు.