పోయివచ్చిన రీలు

నియోపాన్ అక్రోస్ 100 అనేది జపాన్‌కు చెందిన ఫ్యూజీఫిల్మ్ కంపెనీ వారి నలుపు తెలుపు ఫోటో ఫిల్మ్. దీని తయారీ ఆపేస్తున్నట్టు 2018 ఏప్రిల్‌లో ప్రకటన వచ్చింది. మళ్ళీ తెస్తున్నట్టు 2019 జూన్‌లో ఇంకో ప్రకటన వచ్చింది. ఈ రెండింటి మధ్య గడిచిన పద్నాలుగు నెలల్లో దానికి పుట్టుకొచ్చిన అభిమానులే అది అంగట్లో ఉన్నన్నాళ్ళూ ఉండి ఉంటే, మొదటి ప్రకటన అవసరమే పడేది కాదు. పోయాక పరపతి పెరగడం మనుషుల్లో మామూలే. సరుకుల్లో అరుదు.

ఫిల్మ్ అంటే పైకి కనిపించేది పలచని ప్లాస్టిక్ పట్టీ. దాని మీద జెలటిన్ పూత, ఆ పూతలో కంటికి ఆనని వెండి లవణాల స్ఫటికాలు. వెలుతురు సోకిన స్ఫటికాలు డెవలపర్‌లో నల్లబడి అచ్చమైన వెండిగా మారతాయి. సోకనివి హైపో అనే ద్రావణంలో కరిగి కొట్టుకుపోతాయి. మిగిలిందే నెగెటివ్. జెలటిన్‌ను పశువుల ఎముకల నుంచీ తోళ్ళ నుంచీ తీస్తారు. మడికట్టుకుని చేసిన సత్యనారాయణ వ్రతాల ఫోటోలన్నీ తరాల తరబడి ఈ పూత మీదే పడ్డాయి. ఆ సంగతి పురోహితుడికి ఎవరూ చెప్పలేదు, ఆయనా అడగలేదు.

జెలటిన్‌లన్నీ ఒక్కలాంటివి కావు. ఒక విడత సరుకుతో చేసిన ఫిల్మ్ కాస్త వెలుతురుకే చురుగ్గా స్పందించేది. అదే కొలతలతో, అదే యంత్రం మీద ఇంకో విడత సరుకుతో చేసింది మధ్యాహ్నం ఎండలో కూడా మందకొడిగా పడి ఉండేది. కారణం ఏళ్ళ తరబడి ఎవరికీ అంతుపట్టలేదు. చివరికి 1920ల్లో అమెరికాలోని రోచెస్టర్‌లో, కొడాక్ పరిశోధనశాలలో పనిచేసే శామ్యూల్ షెపర్డ్ అనే రసాయన శాస్త్రవేత్త గుట్టు విప్పాడు. పశువులు మేసిన ఆవమొక్కల్లోని గంధకపు ఘాటు, లెక్కకు రానంత కొద్దిగా జెలటిన్‌లోకి చేరి, వెండి స్ఫటికాలకు చురుకు పుట్టిస్తోందని తేలింది. ఆవఘాటు లేనిదే ఫోటో లేదన్నమాట. ఆవపిండి మహిమ ఊరగాయ జాడీతో ఆగిపోతుందని నమ్మే జాతికి ఇది గర్వించదగ్గ విషయమే, కాకపోతే పరిశోధన గుంటూరులో జరగలేదు. ఆ తర్వాత గంధకాన్ని కొలిచి కలపడం నేర్చుకున్నారు కాబట్టి ఆవుల మేత మీద ఆధారపడే అవస్థ తప్పింది. అయితే ఫిల్మ్ తత్త్వం మాత్రం మారలేదు. అందులో పడే దినుసులు చాలా. వాటిలో ఎక్కడో చిటికెడు పడే దినుసు ఒక్కటి దొరక్కపోయినా మొత్తం ఫిల్మే ఆగిపోతుంది. అక్రోస్‌కు పట్టిన గతి కూడా సగం ఇదే.

ఫ్యూజీ 1934లో పుట్టిన కంపెనీ. హకోనే కొండల చెంత, కనగావా ప్రాంతంలోని అషిగరాలో ఫ్యాక్టరీ పెట్టింది. ఫిల్మ్ తయారీకి తేట నీళ్ళు కావాలి, గాలిలో దుమ్ము ఉండకూడదు. అక్కడి నుంచి కంపెనీ ఎదిగి, కొడాక్‌తో సమానంగా తొడగొట్టే స్థితికి వచ్చిన తీరు వ్యాపారశాస్త్రం పుస్తకాల్లో విస్తారంగా ఉంది. ఇక్కడ దాని అవసరం లేదు. ప్రపంచంలో కలర్ ఫిల్మ్ అమ్మకాలు 2000 ప్రాంతంలో శిఖరానికి చేరి, పదేళ్ళలో పదో వంతు కంటే తక్కువకు పడిపోయాయన్నది మాత్రం గుర్తుంచుకోవాలి. 2012 జనవరిలో కొడాక్ దివాలా పిటిషన్ వేసింది. ఫ్యూజీ వేయలేదు. ఎల్‌సీడీ తెరలకు వాడే పొరలు, మందులు, వైద్య పరికరాలు అంటూ దారి మార్చుకుంది. వాటితోపాటు 2007లో ఆస్టాలిఫ్ట్ పేరుతో మొహానికి రాసుకునే క్రీములు కూడా తెచ్చింది. ఇందులో తర్కం లేకపోలేదు. జెలటిన్ అంటే కొలాజెనే. మనిషి చర్మంలో ఉండేదీ కొలాజెనే. ఫోటో వెలిసిపోకుండా కాపాడే విద్యే మొహానికీ పనికొస్తుందన్నారు. డెబ్భై ఏళ్ళపాటు మొహాలను ఉన్నవి ఉన్నట్టు చూపించిన కంపెనీకి, వాటిని బాగుచేయాలన్న జాలి కలగడంలో వింత లేదు.

ఇంత గాలివానలోనూ అక్రోస్ నిలబడింది. దాని గొప్ప ఏమిటో నాలుగు మాటల్లో చెప్పాలి. వేగం తక్కువ, అంటే ఐఎస్ఓ 100. అందువల్ల గ్రెయిన్, అంటే నెగెటివ్‌లో కనబడే వెండి రేణువుల పలుకు, చాలా సన్నం. ఎరుపు విషయంలో దీని చూపు కొంచెం మందం, కాబట్టి కుంకుమబొట్టు మామూలు ఫిల్మ్‌లో కంటే కాస్త ముదురుగా పడుతుంది. అసలు పేరు తెచ్చింది వేరే గుణం. మామూలు ఫిల్మ్ మీద షట్టర్ ఒకటి రెండు సెకన్లు దాటి తెరిచి ఉంచితే, వెండి స్ఫటికాలకు బద్ధకం వస్తుంది. లెక్క ప్రకారం పది సెకన్లు చాలాల్సిన చోట ఇరవయ్యో ముప్ఫయ్యో ఇవ్వాలి. ఈ హెచ్చువేత పట్టిక జేబులో పెట్టుకుని, చీకట్లో టార్చిలైటు నోట కరిచి చదువుకునేవాళ్ళను రాత్రి ఫోటోగ్రాఫర్లు అంటారు. అక్రోస్‌కు 120 సెకన్ల వరకు ఏ హెచ్చువేతా అక్కర్లేదు. అక్కడి నుంచి వెయ్యి సెకన్ల దాకా అర స్టాపు వెలుతురు కలిపితే చాలు. రాత్రిపూట రేవుల్లోనూ వంతెనల దగ్గరా ట్రైపాడ్ వేసుకుని నిలబడేవాళ్ళకు ఇది వరంలా దొరికింది. అలా నిలబడేవాళ్ళు ప్రపంచం మొత్తం మీద ఎందరు అన్న ప్రశ్న మాత్రం కంపెనీ లెక్కల విభాగం వారిది.

వారు 2018 ఏప్రిల్‌లో జవాబు చెప్పారు. గిరాకీ తగ్గింది, కాబట్టి నలుపు తెలుపు ఫిల్మ్ ఆపేస్తున్నాం, ఆ ఏడాది అక్టోబరు ప్రాంతంలో ఆఖరి సరుకు బయటికి వెళుతుంది అన్నారు. ముహూర్తం చూడండి: 2012లో ఆపేసిన టీ-మ్యాక్స్ పీ3200 అనే నలుపు తెలుపు ఫిల్మ్‌ను మళ్ళీ తెస్తున్నట్టు, కొడాక్ పేరుతో ఫిల్మ్ అమ్మే కొడాక్ అలారిస్ చెప్పింది అదే ఏడాది ఫిబ్రవరిలో. దివాలా చూసిన పేరు మీద ఒక ఫిల్మ్ లేచి కూర్చుంటుంటే, దివ్యంగా ఉన్న కంపెనీ తన ఫిల్మ్‌కు నీళ్ళు వదిలింది.

గిరాకీ తగ్గితే తక్కువ చేసుకోవచ్చు కదా అని ఎవరికైనా తోస్తుంది. కుదరదు. ఫిల్మ్ పూత యంత్రం మనిషి నిలువుకు దగ్గరగా వెడల్పుండే చుట్టల మీద, కిలోమీటర్ల పొడవున, కటిక చీకట్లో పూత పూస్తూ పోతుంది. రంగులన్నీ చూడగల ఫిల్మ్ కాబట్టి ఎర్రబల్బు కూడా పనికిరాదు. వెయ్యిమంది పెళ్ళి భోజనాల గుండిగలో ఒక్క మనిషికి అత్తెసరు పెట్టడం ఎలాంటిదో, ఆ యంత్రం మీద నాలుగు పెట్టెల ఫిల్మ్ చేయడం అలాంటిది. ఒకసారి పూస్తే వచ్చే సరుకంతా గడువు తీరేలోగా అమ్ముడుపోవాలి. పోకపోతే వెండి ధర నెత్తిన పడుతుంది.

పోయిన ఫిల్మ్‌కు వారసుడు లేకపోలేదు. అదే కంపెనీ 2016లో తెచ్చిన ఎక్స్-ప్రో2 అనే డిజిటల్ కెమెరాలో ‘అక్రోస్’ అనే ఎంపిక ఉంది. కెమెరా సెన్సారు లోకాన్ని ముందు రంగుల్లోనే చూస్తుంది. తర్వాత ఆ రంగులు తీసేసి, అక్రోస్ ఛాయలు అద్ది, కావాలంటే లేని గ్రెయిన్‌ను కూడా చల్లుతుంది. సన్నని గ్రెయిన్ కోసం ఫిల్మ్‌లో అన్నేళ్ళు పాటుపడి, గ్రెయినే లేని కెమెరాలో గ్రెయిన్ చల్లడానికి మళ్ళీ పాటుపడ్డారు. తెలుగువాళ్ళు దీనికి ఎదురుదారిలో నడిచారు. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లే నలుపు తెలుపుల్లో వెన్నెల కురిపించిన 1957 నాటి మాయాబజార్‌కు 2010లో రంగులద్ది థియేటర్లలో విడుదల చేశారు. రెండు పక్షాల వారూ తమ పని చూసుకుని మురిసిపోయారు. ఎవరిది ఎక్కువ అన్నది తేలదు.

అక్రోస్ ఆపేస్తున్నట్టు ప్రకటన వెలువడ్డాక ఫిల్మ్ ప్రేమికుల ప్రవర్తన ప్రత్యేకంగా గమనించదగ్గది. తొలిదశ దుఃఖం. రెండో దశ కొనుగోలు. అంతకుముందు ఏడాదికో రీలు కొన్నవాడు కూడా ఇప్పుడు ఇరవై పట్టుకెళ్ళాడు. ఫిల్మ్ ఎండకూ ఉక్కకూ పాడవుతుంది కాబట్టి వాటి చోటు ఫ్రిజ్. జిప్పు సంచుల్లో గాలి తీసి, పైన స్కెచ్ పెన్నుతో తేదీ రాసి, డీప్ ఫ్రీజర్‌లో పచ్చిబఠాణీల వెనక సర్దుతారు. ఇంట్లోవాళ్ళు బఠాణీలు తీసినప్పుడల్లా ఈ సంచి కింద పడుతుంది, పడినప్పుడల్లా ఇదేమిటన్న ప్రశ్న లేస్తుంది. జవాబు మారదు కాబట్టి కొన్నాళ్ళకు ప్రశ్న ఆగిపోయి నిట్టూర్పు మాత్రం మిగులుతుంది. పైగా బయటికి తీసిన రీలును వెంటనే విప్పకూడదు. చెమ్మ పడుతుంది. గది వేడికి వచ్చేదాకా గంటల తరబడి బల్ల మీద ఉంచాలి. ఆలోగా వెలుతురు పోతుంది. రీలు మళ్ళీ ఫ్రీజర్‌లోకి పోతుంది.

మూడో దశ పిసినారితనం. ఇక దొరకని ఫిల్మ్ అన్నాక దాంతో ఏది పడితే అది తీయలేరు. పక్కింటి పిల్లాడి పుట్టినరోజుకు అక్రోస్ వాడటం అపచారం. కొండమీద మంచు కురవాలి, పొగబండి రావాలి, అదే సమయానికి కొంగల బారు ఎగరాలి. ఇవన్నీ ఒకే రోజు కుదరవు కాబట్టి రీలు ఖర్చు కాదు. ఈ దశలో చాలామంది అక్రోస్ మీద ఉన్న మక్కువకొద్దీ ఇతర కంపెనీల ఫిల్మ్ వాడటం మొదలుపెట్టారు.

సరిగ్గా అప్పుడే అది తిరిగివచ్చింది. అభిమానులు గట్టిగా అడిగారనీ, దొరకడం కష్టమైన ముడిపదార్థాలకు బదులు వేరేవి వెతికి, తయారీ పద్ధతిని మొదటి నుంచీ మళ్ళీ చూసుకున్నామనీ ఫ్యూజీ చెప్పింది. కొత్త పేరు నియోపాన్ 100 అక్రోస్ II. 2019 నవంబరులో జపాన్ దుకాణాల్లోకి వచ్చింది. 35 ఎంఎం రీలూ, 120 రోలూ వచ్చాయి. పెద్ద కెమెరాల్లో వాడే షీట్ ఫిల్మ్ రాలేదు. బాధపడ్డవాళ్ళందరిలోకీ నోరున్నవాళ్ళు షీట్ ఫిల్మ్ వాళ్ళే అయినా, తలలు లెక్కపెడితే తక్కువ.

ఇక సంబరమే మిగిలిందనుకుంటే పొరపాటు. మొదట నొచ్చుకున్నవాళ్ళు ఫ్రీజర్ నిండా దాచుకున్నవాళ్ళు. రెట్టింపు ధర పెట్టి కొన్న దుఃఖం ఒక్కసారిగా నిష్కారణమైపోయింది. రెండోవాళ్ళు పెట్టెను తిప్పి చూసినవాళ్ళు. ఆకుపచ్చ ఫ్యూజీ పెట్టె మీద చిన్న అక్షరాల్లో ‘మేడ్ ఇన్ యూకే’ అని ఉంది. ఇంగ్లండ్‌లో ఆ స్థాయిలో నలుపు తెలుపు ఫిల్మ్ చేసేది చెషైర్‌లోని మాబర్లీలో ఉన్న హార్మన్ టెక్నాలజీ, అంటే ఇల్‌ఫర్డ్ ఫిల్మ్ చేసే సంస్థ. అది కూడా పోయివచ్చిన బాపతే. ఇల్‌ఫర్డ్ 2004లో దివాలా అంచుకు చేరితే, మరుసటి ఏడాది అక్కడి మేనేజర్లే కొనుక్కుని, 1879లో కంపెనీ పెట్టిన ఆల్‌ఫ్రెడ్ హార్మన్ పేరు పెట్టుకున్నారు. దాంతో కొత్త అక్రోస్ అసలైన అక్రోసా, ఇల్‌ఫర్డ్‌కు వేసిన ఫ్యూజీ చొక్కానా అని తగువు మొదలైంది. పాత నెగెటివ్, కొత్త నెగెటివ్ పక్కపక్కన పెట్టి భూతద్దాలతో గ్రెయిన్ లెక్కపెట్టారు. 120 సెకన్ల గుణం మాత్రం కొత్తదానిలోనూ ఉందని కంపెనీ సమాచార పత్రం చెబుతోంది. లెన్సుకు మూత తీయడం మరిచిపోయేవాళ్ళకు రెండు ఫిల్మ్‌లకూ తేడా కనబడదు.

తిరిగివచ్చిన ఫిల్మ్‌లలో ఇటలీ వారి ఫెరానియా పీ30 దారి మరీ విడ్డూరం. లిగూరియాలోని ఫెరానియా అనే ఊళ్ళో మూతపడిన ఫ్యాక్టరీని తెరిపించి కలర్ స్లైడ్ ఫిల్మ్ చేస్తామని 2014లో కొందరు జనం నుంచి ముందస్తు చందాలు పోగుచేశారు. 3 లక్షల డాలర్లకు పైగా వచ్చాయి. రంగుల ఫిల్మ్ చేయడం నలుపు తెలుపు కంటే ఎన్నో రెట్లు చిక్కు. 2017లో తొలి సరుకు బయటికి వచ్చేసరికి అది 1960ల ఇటలీ సినిమాల్లో వాడిన పీ30కి కొత్త రూపం, అంటే నలుపు తెలుపు. రంగులకు డబ్బిచ్చినవాళ్ళలో కొందరు దాన్నే మెచ్చుకున్నారు. కొందరు ఇంకా రంగుల కోసం అడుగుతూనే ఉన్నారు.

భారతదేశానికీ ఒక సొంత నలుపు తెలుపు ఫిల్మ్ ఉండేది. హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ అనే ప్రభుత్వ సంస్థ 1960లో ఏర్పడి, 1967 నుంచి ఊటీలో ‘ఇందు’ పేరుతో ఫోటో రీళ్ళూ ఎక్స్‌రే ఫిల్మ్‌లూ తయారుచేసింది. అషిగరాకు హకోనే కొండలెందుకో దీనికి నీలగిరులూ అందుకే: దుమ్ములేని గాలి. తెలుగు ఊళ్ళలోని స్టూడియోలకు కూడా ఇందు తెలిసిన పేరే. ఫారిన్ రీలుందా అని ముందు అడిగి, లేదంటేనే ఇందు కొనేవాళ్ళు. 1990ల్లో ఆ సంస్థ ఖాయిలా జాబితాకెక్కింది, తర్వాత మూతపడింది. తిరిగి తెరిచే యోచన లేదు. ఊటీకి టూరిస్టులు ఇప్పటికీ వెళుతున్నారు, అందరి చేతుల్లోనూ ఫోన్లున్నాయి, ఆ ఫోన్లన్నింటిలోనూ బ్లాక్ అండ్ వైట్ ఫిల్టరుంది.