బొందు సూత్రం: టీకా తాత్పర్య సహితం

మూలం: పిన్నీసుతో బొందు, సబ్బుతో గీత, అగ్గిపుల్లతో గుండీ, కొవ్వొత్తితో అంచు.

అవతారిక: ఇంట్లో పడి ఉండే వస్తువులను కుట్టుపనికి వాడుకునే ఈ నాలుగు ఉపాయాలు ఇటీవల ‘సృజనాత్మక బహుళోపయోగ సాధన నైపుణ్యం’ అనే పేరుతో, రుసుము పుచ్చుకుని, ధ్రువపత్ర సహితంగా బోధింపబడుతున్నవి. ఇంత బరువైన పేరు మోసే శాస్త్రానికి వ్యాఖ్యానం లేకపోవడం లోపం గనుక ఈ టీక ఆరంభింపబడుతున్నది. మూలంలో లేనిది రాయనని, అక్కరలేనిది చెప్పనని సంస్కృత కావ్య వ్యాఖ్యాత కోలాచల మల్లినాథసూరి చేసిన ప్రతిజ్ఞలో రెండో సగం ఇక్కడ పాటించడం సాధ్యం కాదు.

టీక: బొందు, గీత, గుండీ, అంచు అనేవి స్పష్టాలు. పిన్నీసు కూడా స్పష్టమే అయినా దాని మీద వ్యాఖ్యాతకు పక్షపాతం ఉన్నది. ఒకే తీగను ఒక కొన వద్ద చుట్టగా తిప్పి స్ప్రింగు చేసి, రెండో కొన వద్ద మొనను దాచే తొడుగు అమర్చిన ఈ వస్తువుకు న్యూయార్కులోని వాల్టర్ హంట్ 1849 ఏప్రిల్ 10న పేటెంటు పొంది, హక్కులను 400 డాలర్లకు అమ్ముకున్నాడు. 15 డాలర్ల అప్పు తీర్చడానికే దీన్ని కనిపెట్టాడని ప్రతీతి. అంతకు సుమారు పదిహేనేళ్ల ముందే, మొన దగ్గర కన్నున్న సూదితో పైదారమూ కిందిదారమూ పెనవేసుకునే కుట్టు వేసే యంత్రాన్ని చేసి కూడా అతడు పేటెంటు కోరలేదు. 1846లో ఎలియాస్ హౌ ఆ తరహా యంత్రానికి పేటెంటు పొందగా, హంట్ ఆలస్యంగా మేలుకుని దరఖాస్తు పెట్టినప్పుడు, ముందు కనిపెట్టినది అతడేనని ఒప్పుకుంటూనే, ఇన్నాళ్లు ఊరకున్నందున హక్కు మాత్రం పేటెంటు కార్యాలయంవారు హౌకే ఉంచారు. ఆ కుట్టుమిషనుకూ పిన్నీసుకూ జనకుడు ఒకడే అయినప్పుడు, పిన్నీసు కుట్టుపనిలో దిగడం చెల్లెలు అన్నగారింటికి రావడమే అవుతుంది గాని పునర్వినియోగం ఎట్లా అవుతుంది? పైగా హంట్‌కు వేల ఏళ్ల ముందే, కంచుయుగపు ఐరోపాలో, ఫిబ్యులా అనే పతకపు సూది పైవస్త్రాన్ని జారకుండా పట్టి ఉంచేది. ఇక పైటకు ఒకటి, కుచ్చిళ్లకు ఒకటి వాడుకుని, మిగిలినవాటిని గాజుకో పసుపుతాడుకో గుత్తిగా తగిలించుకునే తెలుగు ఇల్లాలు ఏ ధ్రువపత్రమూ అడగలేదు.

ప్రకృతం బొందు. దాని కొనకు పిన్నీసు గుచ్చి, మూసి, గొట్టంలా మడిచి కుట్టిన లంగా నడుముపట్టీలోకి దూర్చి, పైనుంచి వేళ్లతో తడుముతూ జరపాలి. అయితే బొందు ఊడి వచ్చిందెందుకని ఏ బోధకుడూ అడగడు: పట్టీకి వెనుక నడిమధ్యన బొందును కలిపి కుట్టకుండా అమ్మినందువల్ల, ఉతికినప్పుడల్లా ఒక కొన లోపలికి పోతున్నది.

అరిగిన సబ్బుబిళ్ల ముదురురంగు గుడ్డపై తెల్లగా గీస్తుంది. ఉతికితే గీత పోతుంది. ఇందులో విచారం లేదు.

అగ్గిపుల్లను గుండీకీ దారానికీ నడుమ ఉంచి కుట్టి, ఆపై లాగివేసి, గుండీ కింది వదులుదారం చుట్టూ దారం చుడితే పొట్టికాడ ఏర్పడి, కాజా ఉన్న దళసరి గుడ్డ గుండీ కింద ఇమడడానికి చోటు దొరుకుతుంది. ఉపాయం మంచిదే. కానీ రెడీమేడ్ చొక్కాలలో అనేకం ఒంటిదారపు గొలుసుకుట్టుతో, కొన ముడిపడకుండా వస్తున్నవి గనుక, వేలాడే దారపుకొనను లాగితే కుట్టంతా విడిపోయి గుండీ చేతిలోకి వస్తుంది.

అంచు విషయంలో ఉత్సర్గం, అనగా సామాన్యవిధి, సెగ చూపితే పోగులు అతుక్కుంటాయని. అపవాదం, అనగా ఆ విధికి మినహాయింపు, నూలుకూ పట్టుకూ ఇది వర్తించదని. నైలాను, పాలియెస్టర్ కరిగి అతుకుతాయి. నూలు మండుతుంది, పట్టు మాడుతుంది. అపవాదం చెప్పకుండా ఉత్సర్గం బోధించినవాడు రవికె కాలిన పాపంలో భాగస్వామి.

పూర్వపక్షం, అనగా ఎదుటివారి వాదం: ఉపాయం నేర్పడం ఉపకారమే గదా?

సిద్ధాంతం: ఉపకారమే, ఇరుగమ్మ పొరుగమ్మకు గడప మీద కూర్చుని ఊరికే చేసే ఉపకారం.

తాత్పర్యం: బొందుకు నాలుగు కుట్లు, గుండీ దారానికి ఒక ముడి, అంచుకు ఒక మడత వేయడానికి పట్టే కూలిని మిగుల్చుకున్నవారు ఒకరు, ఆ పని ఇంట్లో చేసుకోవడం నేర్పి రుసుము పుచ్చుకుంటున్నవారు మరొకరు. ఒకే కుట్టుకు ఇద్దరికీ చెల్లించి, చివరకు దాన్ని తానే వేసుకునేవారికి నైపుణ్యం ఉన్నదని ధ్రువపత్రం ఇస్తున్నారు.