కల్నల్ గారి మూడో కన్ను

అమెరికన్ సైన్యంలో రిటైరైన కల్నల్స్ చాలామంది గోల్ఫ్ ఆడతారు. కొందరు ఆయుధ కంపెనీలకు సలహాలు అమ్ముకుంటారు. మూడో రకం ఒకటుంది. సంఖ్యలో తక్కువే కానీ, వినేవాడు దొరికితే ఒక సాయంత్రాన్ని ఎముకలతో సహా నమిలేసే రకం. కాపురం వర్జీనియాలోనో లాస్ వేగస్ శివార్లలోనో. కటింగ్ ఇప్పటికీ మిలిటరీదే. బీరువా పై అరలో క్షిపణుల పుస్తకాలు, కింది అరలో చచ్చి బతికొచ్చినవాళ్ల అనుభవాలు. గోడమీద పతకాలు. పతకాల పక్కన, అంతే మర్యాదగా, గాజు పెట్టెలో మెడ వంగిన ఒక చెంచా.

"ఏమిటండీ ఇది?" అన్నామా, ఆ రాత్రి భోజనం అక్కడే.

చెంచాకి చరిత్ర ఉంది మరి. 1980లలో జాక్ హౌక్ అనే విమాన పరిశ్రమ ఇంజనీరు ఇళ్లలో పార్టీలు పెట్టి, అతిథులందరి చేతా "వంగు! వంగు!" అని అరిపించి చెంచాలు వంచించేవాడు. 1981 నుంచి 1984 దాకా సైన్యపు ఇంటెలిజెన్స్ కమాండ్‌ని నడిపిన మేజర్ జనరల్ ఆల్బర్ట్ స్టబుల్‌బైన్‌కి ఈ విద్య తెగ నచ్చింది. గోడలోంచి నడిచి వెళ్లబోయి ముక్కు కొట్టుకున్నాడని జాన్ రాన్సన్ అనే జర్నలిస్టు రాసింది ఈ జనరల్ గురించే. మన కల్నల్ గారు గోడదాకా పోరు. చెంచాతో ఆగుతారు. ఆ ఇంట్లో పాయసం మాత్రం ఫోర్కుతో తినాలి.

ఇంత చూశాక ఈయన్ని మూఢనమ్మకాల మనిషనుకుంటే పప్పులో కాలేసినట్టే. కల్నల్ గారికి దెయ్యం మీదకన్నా దెయ్యం ఫైలు మీద గురి ఎక్కువ. మేనత్త ఆత్మ కనిపించిందని చెప్పండి, ఆవులిస్తారు. ఆ ఆత్మకి ఒక కోడ్‌నేమ్, బడ్జెట్టు, పై అధికారి సంతకం ఉన్నాయని చెప్పండి, కుర్చీ ముందుకి లాక్కుంటారు.

అలాంటి ఫైలు నిజంగానే ఉండేది. 1972లో కాలిఫోర్నియాలోని ఒక పరిశోధన సంస్థలో మొదలై, ఆ దశాబ్దం చివరికి మేరీల్యాండ్‌లోని ఫోర్ట్ మీడ్‌లో సైన్యం సొంత బృందం దాకా వచ్చింది. ఆ బృందం పని కళ్లు మూసుకుని కూర్చుని, వేల మైళ్ల అవతల సోవియట్ షెడ్డుల్లో ఏముందో చూసి బొమ్మ గీయడం. మొదట్లో గ్రిల్ ఫ్లేమ్ అన్నారు, చివరికి స్టార్‌గేట్ అన్నారు. ఖర్చు దాదాపు రెండు కోట్ల డాలర్లు. 1995లో బయటి నిపుణులతో లెక్క తేల్పించి, గూఢచర్యానికి పనికొచ్చిందేమీ లేదని మూసేశారు. ఈ మాట అనగానే కల్నల్ గారు చిరునవ్వు నవ్వుతారు.

"అది బయటికి ఇచ్చిన రిపోర్టు."

"మరి లోపలి రిపోర్టు?"

"చెప్పకూడదు."

ఈ ఒక్క మాటతో ఆయన ఎంత ఓడిపోయిన వాదాన్నైనా డ్రా చేసుకుంటారు.

రెండో ప్రేమ ప్రాణం తీయని ఆయుధాలు. కల్నల్ గారి యవ్వనం వియత్నాంలో గడిచింది. తుపాకీ తప్ప మరో జవాబు లేని చోట్ల నిలబడి వచ్చిన మనిషి. చంపకుండా గెలిచే దారి వెతుక్కోవడంలో నవ్వడానికేం లేదు. నవ్వంతా సరుకు దగ్గరే. 1979లో జిమ్ చానన్ అనే లెఫ్టినెంట్ కల్నల్ రాసిన మాన్యువల్లో సైనికుడు శత్రువు ఊళ్లోకి చేతిలో గొర్రెపిల్లతో, కళ్లలో ప్రేమతో అడుగుపెడతాడు. గొర్రెపిల్ల మేతని ఏ పద్దు కింద రాయాలో మాన్యువల్లో వెతకాలి. 1995లో సోమాలియాకి అంటుకునే నురగ తీసుకెళ్లారు. మనిషి ఉన్నచోటే అతుక్కుపోతాడు, బాగుంది. ఆ తర్వాత అతన్ని ఊడబీకేదెవరు? 95 గిగాహెర్ట్జ్ వేడికిరణం ఇంకొకటి. చర్మంలోకి అర మిల్లీమీటరైనా దిగకుండానే మనిషిని పరుగెత్తిస్తుంది. 2010లో ఆఫ్ఘనిస్తాన్ దాకా వెళ్లి, ఎవరి మీదా వేయకుండానే తిరిగొచ్చింది. వీటన్నిటికీ తలమానికం 1994లో ఒక వైమానిక దళ ప్రయోగశాల పంపిన ప్రతిపాదన. శత్రు సైనికులు ఒకరి మీద ఒకరు మోహపడి యుద్ధం మరిచిపోయే రసాయనానికి 75 లక్షల డాలర్లు కావాలట. డబ్బు రాలేదు గానీ, 2007లో ఇగ్నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. "చూశారా, శాంతి బహుమతి!" అంటారు కల్నల్ గారు. ముందున్న రెండక్షరాలు ఆయనకి వినబడవు.

ఇలాంటాయనకి పొరపాటున మన ఉత్తర గోగ్రహణం చెప్పారనుకోండి. అర్జునుడు ఒక్క సమ్మోహనాస్త్రంతో కౌరవసేన మొత్తాన్ని నిద్రపుచ్చాడనీ, ఉత్తరుడు వెళ్లి పడిపోయినవాళ్ల తలపాగాలు, ఉత్తరీయాలు పట్టుకొచ్చాడనీ, ఆ అస్త్రంతో ఒక్కరికీ ప్రాణం పోలేదనీ అన్నామా, నోట్‌బుక్ తెరుచుకుంటుంది. రేంజ్ ఎంత? ప్రభావం ఎన్ని నిమిషాలు? గాలి ఎదురైతే? ఓపిగ్గా చెప్పుకొచ్చి, భీష్ముడొక్కడి మీద మాత్రం అది పనిచేయలేదు, దానికి విరుగుడు ఆయనకి తెలుసు అంటాం.

కల్నల్ గారు కలం ఆపి, లేచి వెళ్లి, తలుపు దగ్గరగా వేసి వస్తారు.

"ఈ భీష్ముడు ఏ డిపార్ట్‌మెంటు?"