ఎడమ చేతికి నన్ను చుట్టొద్దు
(ఒక బీపీ మిషన్ ఆత్మకథ)

నన్ను కొన్నది ఇబ్రహీంపట్నం బస్టాండు దగ్గరి మందుల షాపులో. కొన్నవాడు డీసీఎం వ్యాను నడుపుతాడు. పేరు చెప్పలేను, నా మెమరీలో పేర్లకు చోటు లేదు, అంకెలకే ఉంది. ఇంటికి తీసుకెళ్లి, నాలుగు సెల్లులు వేసి, పట్టీ చుట్టుకుని బటన్ నొక్కితే నేను చూపించిన తొలి అంకె 186, దాని కింద 112. "కొత్త మిషను గదా, తప్పు సూపిస్తున్నదేమో" అన్నాడు భార్యతో. ఇంకోసారి నొక్కాడు. ఇంకో రెండు పెరిగింది.

అప్పటికే అతని క్రియాటినిన్, అంటే కిడ్నీలు రక్తంలోంచి వడగట్టాల్సిన వ్యర్థం, తొమ్మిది దాటింది. ఏళ్ల తరబడి తలనొప్పి వస్తే నొప్పి గోలీ మింగి స్టీరింగు పట్టిన మనిషి. బీపీ కిడ్నీలను తింటుంది, చెడిన కిడ్నీలు బీపీని మరింత ఎగదోస్తాయి. ఈ రెండూ కుమ్మక్కై పనిచేస్తున్నంతకాలం మనిషికి సాధారణంగా కిడ్నీల దగ్గర నొప్పి పుట్టదు. నన్ను పదేళ్ల ముందు కొని ఉంటే ఈ కథే ఉండేది కాదు. మా జాతి మిషన్లను జనం సాధారణంగా అవసరం దాటిపోయాకే కొంటారు.

వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు డయాలసిస్. ఆరోగ్యశ్రీ ఉంది కాబట్టి డబ్బు అడగరు. కానీ డ్రైవింగు పోయింది. పొద్దున పోయేముందు నేను 170 చూపిస్తే, మధ్యాహ్నం వచ్చాక 96 చూపించేవాణ్ణి. పిక్కలు పట్టేసి మంచం మీద ముడుచుకునేవాడు. అతని ఎడమ మణికట్టు దగ్గర ధమనినీ సిరనూ కలిపి కుట్టారు, దాన్ని ఫిస్టులా అంటారు. వేలు ఆనిస్తే లోపల అదురు తెలుస్తుంది. డయాలసిస్ సూదులు ఆ చేతికే గుచ్చుతారు. నేను ఆ చేతిని బిగిస్తే రక్తం ఆగి ఫిస్టులా మూసుకుపోవచ్చు. అందుకే అతని భార్య నా డబ్బా మూత మీద నల్ల మార్కరుతో "ఎడమ చెయ్యి వద్దు" అని రాసింది. ఆ రాత ఇంకా చెరగలేదు.

కిడ్నీ మారిస్తే మేలని డాక్టర్లు అన్నారు. జీవన్‌దాన్‌లో పేరు రాయించారు. 2013 నుంచి నడుస్తున్న పథకం అది, బ్రెయిన్‌డెడ్ అయినవాళ్ల అవయవాలు వరుస ప్రకారం వస్తాయి. ఆ వరుస పొడుగు. ఇంట్లో ఎవరిస్తారన్న మాట అప్పుడు మొదలైంది. తల్లికి షుగరు, వద్దన్నారు. భార్య ముందుకొచ్చింది, ఆమెది బీ గ్రూపు. అతనిది ఓ. ఓ గ్రూపువాళ్ల కిడ్నీ ఎవరికైనా పెట్టొచ్చు కానీ ఓ వాళ్లకు మామూలుగా ఓ వాళ్లదే కావాలి. మిగిలింది మహేశ్వరంలో ఇచ్చిన అక్క.

అలా నేను అతని భార్య, అంటే అక్క మరదలి చేతిసంచిలో మహేశ్వరం చేరాను. శివగంగ గుడి కోనేటికి ఆవలి వీధిలో ఇల్లు. రెండు బర్రెలు, అద్దెకరం కూరగాయల మడి, ఇంటర్ బైపీసీ చదివే కూతురు, అత్త, భర్త. ఎవరూ అక్కను సూటిగా అడగలేదు. "వదినా, ఉత్తగనే ఒకసారి బీపీ సూస్కోరాదు" అంది మరదలు. అక్క చేతులు తుడుచుకుని వచ్చి కూర్చుంది. 118, 76. గదిలో ఎవరూ మాట్లాడలేదు. అంత మంచి అంకె చూపించినందుకు నాకే ఇబ్బందిగా అనిపించింది.

మొదట నోరు విప్పింది అత్త. "ఇబ్రహీంపట్నంల ఏమైందో యాదికున్నదా?"

అందరికీ యాదికుంది. 2022 ఆగస్టులో అక్కడి కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల శిబిరంలో ఒకే రోజు 34 మంది ఆడవాళ్లకు ఆపరేషన్లు చేశారు. నలుగురు చనిపోయారు. మిగిలినవాళ్లను హైదరాబాద్ ఆసుపత్రులకు తరలించారు. ఆ నలుగురూ రోగం కుదుర్చుకోవడానికి పోయినవాళ్లు కారు. అత్త భయాన్ని చదువురాని ముసలమ్మ భయమని తీసిపారేయడం సులువు, నేను తీసిపారేయను. ఆమె అడిగింది సరైన ప్రశ్నే. రోగం ఉన్నవాణ్ణి కోస్తే వాడికి లాభం ఉంటుంది. నా కోడలికి ఏం లాభం?

భర్త మంచివాడే. వద్దని అనలేడు, అంటే బామ్మర్ది చావుకు కారణమయ్యాడంటారు. ఇవ్వమనీ అనలేడు. అందుకని నా మీద ఆశ పెట్టుకున్నాడు. "పొద్దుగాల, మాపటికి సూద్దాం. ఎక్కువొస్తే డాక్టరే వద్దంటడు, మనమీద మాట రాదు" అన్నాడు. ఆ తర్వాత కొన్నాళ్లు ఆయన నన్ను తీసే పద్ధతి చూస్తే నవ్వొచ్చేది. అక్క పాల క్యాను ఎత్తి పెట్టి వగరుస్తూ వచ్చిన వెంటనే పట్టీ చుట్టేవాడు. నిజానికి ముందు అయిదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి, వీపు ఆనాలి, పాదాలు నేలకు తగలాలి, చెయ్యి గుండె ఎత్తున ఉండాలి, మాట్లాడకూడదు. ఆయన మాట్లాడించేవాడు. అలా 138, 142 తెప్పించాడు. కూతురు చూసి తండ్రి చేతిలోంచి నన్ను లాక్కుంది. రాత్రి పడుకునే ముందు, పొద్దున టీ తాగకముందు తనే చూసి రఫ్ నోట్‌బుక్ వెనక రాసేది. 120, 116, 122.

పెద్దాసుపత్రిలో మాత్రం అక్క బీపీ 148 చూపించింది. తెల్లకోటు చూస్తే పెరిగే బీపీ అన్నారు. నోట్‌బుక్ చూశారు, సంచిలోంచి నన్ను తీసి వాళ్ల మిషన్ పక్కన పెట్టి సరిచూశారు, ఒక రోజంతా చేతికి ఉండే మిషన్ కట్టి పంపారు. అది కూడా నా మాటే చెప్పింది. భర్త ముఖం చూడలేకపోయాను. తర్వాత రక్తం, ఇరవై నాలుగు గంటల మూత్రం, షుగరు, స్కానింగు, ఇద్దరి కణజాలం ఎంత కలుస్తుందో చూసే హెచ్ఎల్ఏ. అన్నీ పాసయింది అక్క.

ఒకరోజు ఆమెను ఒక్కదాన్నే గదిలోకి పిలిచారు. సంచి ఆమె ఒళ్లో ఉంది కాబట్టి నేనూ లోపలున్నాను. కేంద్ర అవయవ మార్పిడి చట్టాన్ని తెలంగాణ శాసనసభ 2025 మార్చిలో తీర్మానం చేసి తెచ్చుకుంది. దాని కింద 2014లో వచ్చిన నిబంధనల్లో, దాత ఆడమనిషి అయితే మరింత జాగ్రత్త పడాలని, ఆమె సొంత ఇష్టాన్ని రోగి కాకుండా వేరేవాళ్లు నిర్ధారించుకోవాలని రాసి ఉంది. ఎందుకు రాయాల్సి వచ్చిందో లెక్కలే చెబుతాయి. 2019 నుంచి 2023 వరకు దేశంలో బతికుండగా అవయవం ఇచ్చినవాళ్లు 56,509 మంది, అందులో ఆడవాళ్లు 36,038. చనిపోయాక ఇచ్చినవాళ్లలో మాత్రం మగవాళ్లే ఎక్కువ.

డాక్టరమ్మ దాచకుండా చెప్పింది. ఆపరేషన్ వల్ల ప్రాణం పోవడం ఒకప్పుడు పదివేల మందిలో ముగ్గురికి జరిగేది, 2024లో వచ్చిన అమెరికా లెక్కల్లో అది ఒకరికి తగ్గింది. తీసేది చాలావరకు ఎడమ కిడ్నీయే, దాని సిర పొడుగు కనక కుట్టడం తేలిక. మిగిలిన కిడ్నీ కొంత పెరిగి, ఇదివరకటి పనిలో సుమారు మూడింట రెండు వంతులు అందుకుంటుంది. ఇక జీవితకాలపు సంగతి. 2014లో వచ్చిన ఒక అమెరికా పరిశీలన ప్రకారం, కిడ్నీలు పూర్తిగా చెడిపోయే ప్రమాదం ఇచ్చినవాళ్లలో పదివేలకు 90. ఏ పరీక్షా చేయని మామూలు జనంలో 326.

"అంటే ఇస్తెనే మంచిదా మేడం?" అంది అక్క. తెలివైన ఎగతాళి అది.

డాక్టరమ్మ నవ్వి మూడో అంకె చెప్పింది. దాతలంతటి ఆరోగ్యం ఉండి కూడా ఇవ్వనివాళ్లలో 14. అక్కను పోల్చాల్సింది రోడ్డు మీది జనంతో కాదు, కిడ్నీ ఇవ్వని అక్కతోనే. 14 ఎక్కడ, 90 ఎక్కడ! దానాన్ని పొగిడే ఉపన్యాసాల్లో ఈ 14 సాధారణంగా వినిపించదు. ఇంకో సంగతి. ఇవి అమెరికా మనుషుల లెక్కలు. మోకాళ్లు నొప్పంటే మా వీధి ఆర్ఎంపీ చేతిలో పెట్టే డైక్లోఫినాక్ గోలీ ఆ లెక్కల్లో లేదు. ఒంటి కిడ్నీ మనిషికి అలాంటి నొప్పి గోలీలు వద్దన్నారు.

"పదివేలల్ల నేను యాడుంటనో మీకు తెల్వదు గదా?"

"తెలియదమ్మా."

ఆ తర్వాత డాక్టరమ్మ గొంతు తగ్గించింది. "మీకు ఇష్టం లేకపోతే నాకు చెప్పండి. కారణం ఎవరికీ చెప్పం. మీరు దాతగా పనికిరారని మాత్రమే ఇంట్లో చెప్తాం." దాతను కాపాడటానికి చాలాచోట్ల పాటించే పద్ధతే ఇది. అక్క కాసేపు సంచి తాడు మెలి తిప్పింది. "ఇయ్యనంటే నేనే చెప్త మేడం. నాకు రోగముందని మీరెందుకు చెప్పాలె?" అంది. నేను ఆ మాటకు ఉలిక్కిపడ్డాను. ఇన్నాళ్లూ ఆ ఇంట్లో అందరూ నా అంకె వెనక దాక్కున్నారు. భర్త కాదనడానికి, మరదలు అడగడానికి. వద్దు అనడానికి ఆరోగ్యం బాగోలేదన్న సాకు అవసరం లేదని నాకు తెలిసింది అప్పుడే. ఇష్టం లేకపోవడం చాలు.

ఆమె ఆ రోజు ఒప్పుకోలేదు. కాదనీ అనలేదు. ఇంటికొచ్చి బర్రెలకు గడ్డి వేసింది.

కూతురు ఫోనులో చదివి తల్లికి వినిపించేది. 1954 డిసెంబర్ 23న బోస్టన్‌లో 23 ఏళ్ల రొనాల్డ్ హెరిక్ తన కవల సోదరుడు రిచర్డ్‌కు కిడ్నీ ఇచ్చాడు. అంతకుముందు అలా మార్చిన కిడ్నీతో ఏళ్ల తరబడి బతికిన మనిషి లేడు. ఆపరేషన్ ముందు రాత్రి రిచర్డే వెళ్లిపొమ్మని చీటీ పంపితే, పోనని జవాబు రాశాడట. రిచర్డ్ 1963లో పోయాడు. రొనాల్డ్ టీచరుగా, రైతుగా పనిచేసి 2010 దాకా బతికాడు. ఆపరేషన్ చేసిన జోసెఫ్ ముర్రేకు 1990లో నోబెల్ వచ్చింది. "ఇచ్చినాయనకేమొచ్చింది?" అంది అత్త. కూతురు ఫోను మూసేసింది.

అక్కను ఆపుతున్నది చావు భయం కాదని నాకు మెల్లగా అర్థమైంది. కిడ్నీ ఇచ్చిన కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు 42 రోజుల దాకా ప్రత్యేక సెలవు ఇవ్వొచ్చని 2023లో ఉత్తర్వు వచ్చింది. బరువులెత్తొద్దని డాక్టర్లు చెప్పేదీ ఆరు వారాలే, అంటే అంతే కాలం. పాల క్యానుకు ఏ ఉత్తర్వూ లేదు. ఆ ఆరు వారాలు ఎవరు పిండుతారు, డెయిరీ వ్యానుకు ఎవరు ఎత్తుతారు, రేపు తనకు ఒంట్లో బాగోకపోతే ఎవరు చూపిస్తారు? ఇవన్నీ ఆమె రాత్రిళ్లు లెక్కవేసుకుంది. త్యాగం గురించి ఊళ్లోవాళ్లు చాలా మాట్లాడారు గానీ గడ్డి కోస్తామని ఒక్కరూ అనలేదు.

డయాలసిస్ లేని రోజు చూసి తమ్ముడు వచ్చాడు. "అక్కా, నువ్వు ఇయ్యకున్నా నేనేమనుకోను. పిల్ల ఉన్నది నీకు" అన్నాడు నేల చూస్తూ. అక్క నన్ను తీసి అతని కుడిచేతికి చుట్టింది. 164. సంతోషంగా చెప్పిన మాట కాదని నాకు తెలుసు, ఆమెకూ తెలుసు.

"ఇస్త. కానీ గివి ఇనుకో" అంది. ఆరు వారాలు మరదలు మహేశ్వరం వచ్చి బర్రెలు చూడాలి. రాఖీకి ఇక చీరలు వద్దు, దాని బదులు ప్రతి ఏడూ తనకు బీపీ, క్రియాటినిన్, మూత్రంలో ప్రొటీన్ పరీక్ష తమ్ముడే దగ్గరుండి చేయించాలి. కొత్త కిడ్నీ నిలవడానికి ఇచ్చే గోలీలు ఒక్క పూట మానినా ఊరుకోను, నీ ఒంట్లో ఉన్నది నాది అంది. భర్త వైపు తిరిగి, "ఆసుపత్రి కాగితం మీద నువ్వు సంతకం పెడ్తవా, లేదా? మిషను దిక్కు సూడకు, నా దిక్కు సూడు" అంది. ఆయన పెట్టాడు. అత్త మాత్రం ఆ పూట అన్నం తినలేదు.

ఆపరేషన్ గురించి నేను చెప్పగలిగింది తక్కువ, నన్ను లోపలికి రానివ్వలేదు. అక్క కొద్దిరోజులకే ఇంటికొచ్చింది. తమ్ముడి పాత కిడ్నీలు ఎక్కడివక్కడే వదిలి, కొత్తదాన్ని పొత్తికడుపులో ఒక పక్కన పెట్టారట. అతను కొత్త మిషను కొనుక్కున్నాడు. నేను అక్కకు వచ్చాను.

ఆమెకు ఎడమ చేయైనా ఒకటే. అయినా మూత మీది రాత చూసి కుడిచెయ్యే చాపుతుంది. ఈ మధ్య పై బీపీ 130 దాకా వస్తోంది. ఉప్పు తగ్గించమన్నారు, తగ్గించింది గానీ ఆవకాయ దగ్గర మాట వినదు. బరువు ఎత్తినప్పుడు కోసినచోట అప్పుడప్పుడు లాగుతుందంటుంది. మొన్న ఆర్ఎంపీ మోకాలికి సూది వేస్తానని వస్తే కూతురు గుమ్మంలోనే ఆపేసింది. రాఖీ పోయిన వారం అయింది. పరీక్షలకు పోవడానికి తమ్ముడు బండి తెస్తానన్నాడు, ఇంకా తేలేదు. ఆదివారం దాకా చూసి బస్సులో పోతానంటోంది అక్క, బిల్లు మాత్రం వాడితోనే కట్టిస్తుందట.