నూడుల్స్ వడ్రంగం

"ఇంకా పత్రికలు కొంటున్నావా అన్నా?" ఒమాన్‌లో రువీ నుంచి ఘాలా దాకా మనవాళ్లందరిదీ ఇప్పుడు ఇదే పలకరింపు. వడ్రంగం పత్రికలకు కాలం చెల్లిందట. ఉలి పట్టడం దగ్గర్నుంచి ఉయ్యాల బల్ల దాకా అంతా ఫోన్‌లోనే ఉందట, అదీ ఉచితంగా. ఈ తీర్పు చెప్పినవాళ్లలో చాలామంది చొక్కా మీద ఇంతవరకూ రంపపు పొట్టు రాలలేదు. అయినా ఒక్కటి ఒప్పుకుంటాను. వీడియో చూసి లేచినవాడి ముఖంలో కనిపించే ఆత్మవిశ్వాసం పత్రిక చదివినవాడి ముఖంలో నేనెన్నడూ చూడలేదు.

ఆ ఆత్మవిశ్వాసానికి ముడిసరుకు నూడుల్స్. మీరూ చూసే ఉంటారు. కుర్చీ కాలు విరుగుతుంది. విరిగినచోట ఎండు నూడుల్స్ కూరి, మీద సూపర్ గ్లూ ధారపోసి, సాండ్ పేపర్‌తో రుద్ది రంగేస్తే చాలు, కుర్చీ కొత్త పెళ్లికొడుకులా లేచి నిలబడుతుంది.

ఆ పని ఎక్కడ జరిగిందో కాస్త పట్టి చూడండి. గ్లూ పోసేటప్పుడు ఒక షాటు, రుద్దేటప్పుడు ఇంకో షాటు. రెంటి మధ్యా మారింది చెయ్యో, కుర్చీయో దేవుడికే ఎరుక. కోసి అతికించింది వీడియోని, కుర్చీని కాదు.

మా బిల్డింగులో ఒకాయన నమ్మాడు. నూడుల్స్ పొట్లాలు తెచ్చాడు, గ్లూ ట్యూబులు పెట్టెడు తెచ్చాడు. ఆ గ్లూ డబ్బులతో హమ్రియాలో పాత కుర్చీయే వచ్చేది. పొట్లంలోని మసాలా ఏం చెయ్యాలో వీడియోలో చెప్పలేదు కాబట్టి, పాలిష్‌కి పనికొస్తుందేమోనని దాచాడు. కుర్చీ ఆయన బరువు మోసింది, ఆయన పూర్తిగా కూర్చోనంతసేపూ. తప్పు ఎక్కడ జరిగిందో వెతకడానికి మళ్లీ ఆ వీడియోనే చూశాడు.

అలాంటి వీడియోలే చూసి టేకు పలకను నిలువునా చీల్చి, నడుమ నీలం ఎపాక్సీ పోసి, దాన్ని నది అనేవాళ్లతో ఒక్క మాట: ఒమాన్‌లో వాడీలనే వాగులు ఏడాదిలో చాలాభాగం ఎండిపోయే ఉంటాయి, వాటిని చూసైనా తగ్గండి.

ఇక పెద్ద వాదం ఒకటుంది. "మన ఒమాన్ రేవు సూర్‌లో ఓడలు కట్టినవాళ్లు ఏ పత్రిక చదివారు?" ఏదీ చదవలేదు. 1951లో ఫతహ్ అల్ ఖైర్ ఓడని కట్టినవాళ్లూ చదవలేదు. 1980లో సాహసయాత్రికుడు టిమ్ సెవెరిన్ కోసం ఒక్క మేకు కొట్టకుండా, కొబ్బరి తాళ్లతో పలకలు కుట్టి 'సొహార్' ఓడని నీళ్లలోకి దించిన ఒమాన్, లక్షదీవుల పనివాళ్లూ చదవలేదు. ఆ ఓడ చైనా దాకా వెళ్లింది, ఇప్పుడు అల్ బుస్తాన్ రౌండబౌట్‌లో విశ్రాంతి తీసుకుంటోంది. వాళ్లకి పత్రిక ఎందుకు, పక్కనే మేస్త్రీ ఉంటే? పలక వంకరపోతే ఆపేవాడు, రెండోసారీ పోతే నెత్తిన మొట్టేవాడు. ఫోన్ మొట్టదు. పత్రికా మొట్టదు గాని, అచ్చుకి వెళ్లేముందు పని తెలిసిన ఇంకో మనిషి చదివి, "ఇది వెయ్యం" అనగలడు.

ఆ "వెయ్యం" ఖరీదెంతో తెలుసా? మైక్రోవేవ్ ఓవెన్‌లోంచి ట్రాన్స్‌ఫార్మర్ పీకి, తడిపిన చెక్కలోకి దాదాపు రెండు వేల వోల్టులు పంపి మెరుపుతీగల బొమ్మలు కాల్చడం నేర్పే వీడియోలున్నాయి. ఫ్రాక్టల్ బర్నింగ్ అంటారు. దానివల్ల ముప్పై మందికి పైగా చచ్చిపోయారు. అమెరికాలో చెక్క తరిణి పట్టేవాళ్ల సంఘం తన కార్యక్రమాల్లో దాన్ని నిషేధించింది, ప్రోత్సహించే రాతలు తన పత్రికలో వెయ్యనంది. యూట్యూబ్ ఏం చేసింది? 2022లో ఆస్ట్రేలియాలో ఆన్ రియర్డన్ అనే ఆమె "ఇది చెయ్యకండి, చస్తారు" అని పెట్టిన వీడియోని ప్రమాదకరమని తీసేసింది. ఎలా చెయ్యాలో చూపించినవాటిని ఉండనిచ్చింది! గోల లేచాక ఆమెది మళ్లీ పెట్టింది. జగిత్యాల నుంచో కోనసీమ నుంచో వచ్చిన కుర్రాడు ఇక్కడి లేబర్ క్యాంపు గదిలో ఈ ప్రయోగం చేసి పోతే, శవం ఊరు చేరడానికి ఎన్ని కాగితాలు, ఎన్ని సంతకాలు కావాలో ఆ వ్యూస్ లెక్కపెట్టుకునేవాడికి తెలుసా? ఇంత నీచమైన వ్యాపారానికి 'ఉచిత విద్య' అని పేరొకటి.

పత్రికలు పతివ్రతలని నేననను. చాలా పేజీలు రంపాల ప్రకటనలే, ధర చూస్తే గుండె గుభేలుమంటుంది. కానీ 1975లో మొదలైన 'ఫైన్ వుడ్‌వర్కింగ్' పాత సంచికలు తిరగేయండి. టాగే ఫ్రిడ్ లాంటి పనిమంతుడు కుసి ఎలా కొయ్యాలో చెబుతాడు. బ్రూస్ హోడ్లీ చెక్క తేమ పీల్చి ఎటు ఉబ్బుతుందో, ఆరి ఎటు ముడుచుకుంటుందో చెబుతాడు. మత్రా తేమలో నిలవున్న పలకని తెచ్చి రేయింబవళ్లు ఏసీ నడిచే గదిలో బిగిస్తే ఎందుకు బీటలిస్తుందో అక్కడ తెలుస్తుంది. వీడియోలో బల్ల వయసు ఒక్కరోజే. పాలిష్ ఆరకముందే పాట పెట్టి ముగిస్తారు. ఆర్నెల్ల తర్వాత ఆ బల్ల ముఖం చూపించేవాళ్లు ఎందరు?

కొంటున్నాను. వచ్చే ఏడాదికీ చందా కట్టేశాను. నాకు బుద్ధి చెప్పదలచినవాళ్లు వీడియో చూసి తాము చేసిన స్టూలు ఒకటి తెచ్చుకుని, దానిమీద పూర్తిగా కూర్చుని చెప్పాలి.