కార్బొరేటర్‌ను పీకేయకండి

మా రోజుల్లో బండి మొరాయిస్తే ఎందుకు మొరాయించిందో కనుక్కునేవాళ్లం. ఇప్పుడు మొరాయించిన భాగాన్ని పీకేసి కొత్తరకం భాగం బిగించడమే మరమ్మతు అనుకుంటున్నారు. అమెరికాలో స్థిరపడ్డ మా చుట్టాల పిల్లలు ముచ్చటపడి పాత ఎంజీబీ స్పోర్ట్స్ కారు కొంటారు. కొద్దిరోజులకే ఫోను వస్తుంది. "పెదనాన్నా, దీనికి రెండు కార్బొరేటర్లున్నాయి. పొద్దున్నే స్టార్టవదు, వేడెక్కాక నల్లపొగ. రెండూ తీసేసి ఫ్యూయల్ ఇంజెక్షన్ కిట్ పెట్టించుకోనా?" చోక్ లాగి చూశావా, ఇగ్నిషన్ పాయింట్లు చూశావా, డాష్‌పాట్‌లో నూనె పోశావా అని అడుగుతాను. మూడింటికీ జవాబుండదు. కారు బానెట్ కూడా సరిగ్గా ఎత్తకుండానే తీర్పు చెప్పేశారు. కార్బొరేటర్ పాతది కాబట్టి తప్పు దానిదేనట!

బెజవాడ ఆటోనగర్‌లో అంబాసిడర్ల కింద, ఫియట్ల కింద పడుకుని పెద్దవాణ్ణయ్యాను. ఇంగ్లిషువాళ్ల స్పోర్ట్స్ కారు గురించి నీకేం తెలుసని ఎవరైనా అడగొచ్చు. ఇంగ్లండ్‌లో బీఎంసీ కంపెనీ చేసిన బీ-సిరీస్ ఇంజనే మన అంబాసిడర్‌లో ఏళ్ల తరబడి నడిచింది. అదే 1489 సీసీ ఇంజను 1955లో వచ్చిన ఎంజీఏ స్పోర్ట్స్ కారులోనూ ఉంది. దాన్నే 1798 సీసీకి పెంచి 1962లో ఎంజీబీలో పెట్టారు. మన అంబాసిడర్‌కు ఎస్‌యూ కార్బొరేటర్ ఒకటి, ఎంజీలకు రెండు. అంబాసిడర్ సెట్టింగ్ తెలిసిన మెకానిక్ ఎంజీ ముందు నిలబడి తడబడాల్సిన పనిలేదు. నేటి కుర్రాళ్లకు ఎంజీ అంటే గుజరాత్‌లోని హాలోల్‌లో తయారయ్యే హెక్టర్ మాత్రమే. ఆ పేరు ఇప్పుడు చైనా కంపెనీ చేతిలో ఉంది. పాత ఎంజీ ఇంజను రక్తం మన ట్యాక్సీల్లో ప్రవహించిందని ఎవరూ చెప్పడం లేదు.

ఎస్‌యూ కార్బొరేటర్‌ను విప్పి చూస్తే అంత భయం ఎందుకో అర్థం కాదు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో చెప్పుల వ్యాపారం చేసే స్కిన్నర్ కుటుంబంలోని అన్నదమ్ములు దాన్ని తయారుచేశారు. లోపల సామాను కొంచెమే. పైన గుమ్మటంలాంటి అల్యూమినియం గది, అందులో పైకీ కిందికీ ఆడే పిస్టన్, దాని అడుగున కొసకు వెళ్లేకొద్దీ సన్నబడే సూది, ఆ సూది దిగే ఇత్తడి జెట్. ఇంజను గాలి ఎక్కువ లాగేకొద్దీ పిస్టన్ లేస్తుంది, దానితో సూదీ లేస్తుంది. జెట్‌లో సందు పెరుగుతుంది, గాలికి తగ్గ పెట్రోలు వస్తుంది. వైరు లేదు, సెన్సర్ లేదు. పిస్టన్ ఒక్కసారిగా ఎగరకుండా పైన డాష్‌పాట్‌లో కాస్త పల్చని నూనె ఉంటుంది. అది ఎండిపోతే యాక్సిలరేటర్ గబుక్కున తొక్కినప్పుడు ఇంజను తడబడుతుంది. పికప్ పోయిందని షెడ్డుకొచ్చిన బండ్లలో ఎన్నింటికో ఆ మూత విప్పి నూనె పోసి పంపించాం.

ఇక దాని సెట్టింగ్. ఇంజను బాగా వేడెక్కాక ఎయిర్ క్లీనర్లు తీసి, కార్బొరేటర్ పక్కనున్న చిన్న పిన్నుతో పిస్టన్‌ను మిల్లీమీటరు కన్నా తక్కువ ఎత్తు లేపాలి. ఇంజను వేగం పెరిగి అలాగే ఉండిపోతే పెట్రోలు ఎక్కువ పడుతోంది. ఆగిపోబోతే తక్కువ. క్షణంసేపు కొద్దిగా పెరిగి మళ్లీ సర్దుకుంటే సెట్టింగ్ కుదిరినట్టే. కుదరకపోతే జెట్ కింద ఉన్న ఆరు పలకల నట్టును ఒక్కో పలక చొప్పున తిప్పాలి. నట్టు పైకి పోతే పెట్రోలు తగ్గుతుంది, కిందికి వస్తే పెరుగుతుంది. రెండు కార్బొరేటర్లూ సమానంగా గాలి పీలుస్తున్నాయో లేదో తెలుసుకోవడానికి ఒక రబ్బరు గొట్టం చాలు. ఒక కొస చెవి దగ్గర, రెండో కొస కార్బొరేటర్ మూతి దగ్గర పెట్టి, రెండుచోట్లా బుస ఒకేలా వినబడేదాకా సర్దాలి. కొంతదూరం తిప్పుకొచ్చి ప్లగ్గులు విప్పితే బిస్కెట్ రంగు కనబడాలి. మసి పడితే పెట్రోలు ఎక్కువ, తెల్లబారితే తక్కువ.

మా షెడ్లలో హెల్పర్‌గా చేరిన కుర్రాడికి మొదట ఇచ్చే పని కార్బొరేటర్ విప్పి పెట్రోలుతో కడగడం. జెట్‌లో తీగ గుచ్చితే వీపు పగిలేది. తీగ గుచ్చితే రంధ్రం పెద్దదై సెట్టింగ్ ఎప్పటికీ కుదరదు, గాలి కొట్టే శుభ్రం చెయ్యాలి. ఆ క్రమశిక్షణతోనే చెవీ చెయ్యీ తయారయ్యేవి. ఇప్పుడు కుర్రాడు చేరగానే స్కానర్ చేతికిస్తున్నారు. స్కానర్ పీ0171 అని చూపిస్తుంది. మిశ్రమంలో పెట్రోలు తక్కువైందని దానర్థం. ఎందుకు తక్కువైందో ఆ అంకె చెప్పదు. ఎక్కడో గొట్టం పగిలి దొంగగాలి వస్తోందా, ఫిల్టర్ పూడిందా, పంపు బలహీనపడిందా అన్నది మెకానిక్కే వెతకాలి. వెతకడం నేర్పలేదు కాబట్టి సెన్సర్ మార్చేస్తున్నారు. వారానికి బండి మళ్లీ వస్తుంది, ఇంకో సెన్సర్ మారుతుంది.

ఇంజెక్షన్‌ను నేను తక్కువ చెయ్యడం లేదు. పొగగొట్టంలోని క్యాటలిటిక్ కన్వర్టర్ సరిగ్గా పనిచేయాలంటే పెట్రోలు ఒక పాలు ఉంటే గాలి 14.7 పాళ్లు ఉండాలి, ఆ లెక్క అనుక్షణం తప్పకూడదు. కార్బొరేటర్‌కు అది సాధ్యం కాదు. అందుకే కార్లకు ముందుగా, 2020 ఏప్రిల్ 1న బీఎస్6 పొగ నిబంధనలు వచ్చాక మోటారు సైకిళ్లకు కూడా ఇంజెక్షన్ వచ్చేసింది. మన ఊళ్ల గాలి బాగుపడాలంటే జరగాల్సిన మార్పే అది. రోజూ ఆఫీసుకు వెళ్లే కారుకు కార్బొరేటర్ పెట్టమని నేననను. నా గొడవంతా సెలవురోజు బయటికి తీసే ఆ పాత స్పోర్ట్స్ కారు గురించి.

ఇంకో సంగతి. స్పోర్ట్స్ కార్లకు ఇంజెక్షన్ నిన్న మొన్న వచ్చింది కాదు. 1954 నాటి మెర్సిడెస్ 300 ఎస్‌ఎల్‌లో బాష్ కంపెనీ పంపు పెట్రోలును నేరుగా సిలిండర్లలోకి చిమ్మేది. 1957లో అమెరికాలో కార్వెట్‌కు ఇంజెక్షన్ పెట్టి 283 క్యూబిక్ అంగుళాల ఇంజను నుంచి 283 గుర్రాల శక్తి రాబట్టారు. కానీ ఊళ్లలోని మెకానిక్కులకు దాని కిటుకు అంతుబట్టలేదు. చాలామంది యజమానులు ఆ ఇంజెక్షన్‌ను ఊడదీయించి కార్బొరేటర్ పెట్టించుకున్నారు. 1965తో కంపెనీ కూడా దాన్ని మానేసింది. ఈనాడు అదే ఇంజెక్షన్ ఉన్న కార్వెట్ కోసం జనం ఎగబడుతున్నారు.

ట్రయంఫ్ కథ ఇంకా బాధాకరం. మద్రాసులో తయారైన మన స్టాండర్డ్ హెరాల్డ్‌కు మూలం ఆ కంపెనీయే. 1967లో టీఆర్5, ఆ తర్వాత టీఆర్6 కార్లకు ఇంగ్లండ్‌లో లూకాస్ ఇంజెక్షన్ పెట్టారు. టీఆర్6కు 150 గుర్రాల శక్తి అని ప్రకటించారు. అదే కారు అమెరికాకు రెండు స్ట్రామ్‌బర్గ్ కార్బొరేటర్లతో వెళ్లింది, శక్తి 100 దాటి కాస్త ఎక్కువ. లూకాస్ పెట్రోలు పంపు ఎండాకాలంలో వేడెక్కి ఇబ్బంది పెట్టేది. ఆ ఒక్క పంపు కోసం ఎంతోమంది మొత్తం ఇంజెక్షన్‌నే తీసిపారేసి కార్బొరేటర్లు బిగించుకున్నారు. తర్వాత తెలివైనవాళ్లు బాష్ పంపు పెడితే అదే ఇంజెక్షన్ చక్కగా నడిచింది. అప్పటికే అసలు సామాను చాలావరకు తుక్కులో కలిసిపోయింది.

కార్వెట్, ట్రయంఫ్ కథలు రెండూ నాకొకటే చెబుతున్నాయి. ఏ కాలంలోనైనా జనం పీకేసేది చెడ్డ భాగాన్ని కాదు, తమ మెకానిక్‌కు రాని భాగాన్ని. ఆనాడు ఇంజెక్షన్‌కు జరిగిన అన్యాయమే ఈనాడు కార్బొరేటర్‌కు జరుగుతోంది. అప్పటి పొరపాటు చూశాక కూడా మనం బుద్ధి తెచ్చుకోలేదు.

సరే, పట్టుబట్టి ఎంజీబీకి ఇంజెక్షన్ పెట్టించారనుకుందాం. ఏమేం మార్చాలో ముందు లెక్క వేసుకోండి. కార్బొరేటర్‌కు పెట్రోలు మూడు పౌన్ల దరిదాపు ఒత్తిడితో అందితే చాలు. ఇంజెక్షన్‌కు సాధారణంగా నలభై పౌన్ల పైన కావాలి. కాబట్టి పంపు మారాలి, గొట్టాలు మారాలి, మిగిలిన పెట్రోలు ట్యాంకుకు తిరిగి వెళ్లడానికి ఇంకో గొట్టం వెయ్యాలి. మలుపుల్లో ట్యాంకులో పెట్రోలు ఒకవైపుకు ఒరిగినా పంపుకు గాలి అందకుండా ఏర్పాటు చెయ్యాలి. 1967కు ముందు బండ్లకు డైనమో, పైగా పాజిటివ్ ఎర్త్. ఆ వైరింగంతా తిరగరాయాలి. క్రాంక్ దగ్గర సెన్సర్, పొగగొట్టంలో ఆక్సిజన్ సెన్సర్, ఇవన్నీ చూసే కంప్యూటర్ కావాలి. ఇంతా చేశాక దారిలో ఆగిపోతే స్క్రూడ్రైవర్, పానాలతో ఇంటికి చేరగలరా? ఎస్‌యూతో అయితే చేరతారు.

ఇంజెక్షన్ వైపు న్యాయంగా చెప్పుకోవాల్సిన మాట ఒకటుంది, అది ఇథనాల్. ఇప్పుడు మన బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వస్తోంది. ఇథనాల్‌కు మండడానికి తక్కువ గాలి చాలు, అంటే అంతే గాలికి పెట్రోలు కాస్త ఎక్కువ పడాలి. ఇంజెక్షన్ బండి ఆక్సిజన్ సెన్సర్ చూసి చాలావరకు తనే సర్దుకుంటుంది. కార్బొరేటర్ సర్దుకోదు, మనం సర్దాలి. నట్టు కాస్త తిప్పడమో, లావైన సూది తీసి సన్నంది వెయ్యడమో చెయ్యాలి. ఇథనాల్ పాత రబ్బరును పాడుచేస్తుంది, నీటిని పీలుస్తుంది. అందుకని గొట్టాలన్నీ ఇథనాల్ తట్టుకునేవి వేయించాలి. నెలల తరబడి బండి నిలిపేటట్టయితే ట్యాంకులో పాత పెట్రోలు ఉంచకూడదు. ఇది ఒక పూట పని. దీనికోసం ఇంజను తలరాత మార్చాల్సిన అవసరం లేదు.

అందుకే ఫోన్ చేసే పిల్లలకు నేను వరస చెబుతాను. ముందు వాల్వుల సందు చూడు, ఎంజీబీకి అంగుళంలో వెయ్యో వంతు లెక్కన 15. తర్వాత పాయింట్ల సందు, అదీ 15 దగ్గరే. తర్వాత టైమింగ్. ఆఖర్న కార్బొరేటర్ జోలికి వెళ్లు. కార్బొరేటర్ మీద వేసే నేరాల్లో చాలా భాగం ఇగ్నిషన్‌వి. ఇవన్నీ సరిగ్గా ఉండి కూడా ఐడిలింగ్ నిలవకపోతే త్రాటిల్ షాఫ్టు అరిగి పక్కనుంచి గాలి లాగుతోందేమో చూడు. బుష్షులు వేయిస్తే పోతుంది. కొత్త సాధనాలు వద్దని నేననను. పొగగొట్టంలో వైడ్‌బ్యాండ్ ఆక్సిజన్ సెన్సర్ పెట్టి, మీటరు చూస్తూ ఎస్‌యూని సెట్ చెయ్యి. మా చెవి పట్టలేని తేడాను అది పట్టిస్తుంది. కొత్త తెలివిని వాడుకోవాల్సిన పద్ధతి అదీ.

చివరికి నా తీర్పు ఇది. కారు ఫ్యాక్టరీ నుంచి కార్బొరేటర్లతో వస్తే కార్బొరేటర్లే ఉంచండి. ఇంజెక్షన్‌తో వస్తే ఇంజెక్షనే ఉంచండి. 1975 నుంచి అమెరికాకు వెళ్లిన ఎంజీబీలకు పొగ చట్టాల కోసం ఒకే స్ట్రామ్‌బర్గ్ పెట్టి ఇంజను ఊపిరి తీసేశారు. మీ రాష్ట్రం చట్టం ఒప్పుకుంటే వాటికి రెండు ఎస్‌యూలు పెట్టించుకోండి. ఏది మార్చినా తీసిన సామాను తుక్కుకు వెయ్యకండి. నూనె రాసి, పెట్టెలో పెట్టి, కారుతో పాటే ఉంచండి. మెకానిక్ తమ్ముళ్లకు నాదొక విన్నపం. ఎస్‌యూ, సోలెక్స్, మికుని కార్బొరేటర్లు విప్పి సెట్ చెయ్యగల పెద్దవాళ్లు మన ఆటోనగర్లలో ఇంకా ఉన్నారు. మీ షెడ్డులో హెల్పర్ కుర్రాళ్లను వాళ్ల దగ్గరకు పంపండి, వాళ్లుండగానే ఆ పని నేర్పించండి.