దాలి మీద పాలు

పచ్చిపాలు తాగితే బలమట! కాస్తే సత్తువంతా పొయ్యిపాలవుతుందట! నాటావు పాలు గాజుసీసాలో గుమ్మంలోకి తెప్పించుకుని, అలాగే గటగటా తాగేసి, ఇదంతా పూర్వీకుల పద్ధతని మాకే పాఠాలు చెబుతున్నారు మీ కుర్రకారు. ఏ పూర్వీకులర్రా? మా ఇంటి పూర్వీకులు బతికుండగా నేను చూశాను. పొద్దున పిండిన పాలు తిన్నగా దాలి మీదికే ఎక్కేవి.

దాలి అంటే మీలో ఎంతమందికి తెలుసో. పెరట్లో గొయ్యిలాంటి పొయ్యి, అందులో పిడకలు పేర్చి నిప్పు రగిలించి, మంట లేకుండా సెగ మాత్రం ఉంచేవారు. దాని మీద మట్టికుండ. పాలు మధ్యాహ్నం దాటేదాకా కాగి కాగి ఎర్రబడేవి. మీద వేలు మందాన మీగడ. దొంగతనంగా ఆ మీగడ తీసి తిని అమ్మమ్మ చేత తిట్లు తిన్నవాళ్లలో నేనే మొదటివాణ్ణి. సాయంత్రానికి చల్లార్చి తోడు వేస్తే, ఆ పెరుగు రుచి మీ డబ్బా పెరుగుకు ఏ జన్మకీ రాదు. అంత తీరికా లేదు, పెరడూ లేదు, పిడకా లేదు. సరే, అసలు సంగతికి వస్తాను.

ఈ-కోలి అనే సూక్ష్మక్రిమి ఉంది. 1885లో ఎషెరిక్ అనే వైద్యుడు పసిపిల్లల మలంలో కనిపెట్టాడు. ఆ జాతిలో చాలా రకాలు మన పేగుల్లో ఏ గొడవా లేకుండా కాపురం చేస్తాయి. ఓ157 అనే రకం మాత్రం అలాంటిది కాదు. 1982లో అమెరికాలో ఆరిగన్, మిషిగన్ రాష్ట్రాల్లో హాంబర్గర్లు తిన్నవాళ్లకు నెత్తుటి విరేచనాలు పట్టుకున్నప్పుడు అది లోకానికి తెలిసింది. 1993లో అమెరికాలోనే సరిగా ఉడకని మాంసం తిని ఏడు వందల మందికి పైగా జబ్బుపడ్డారు, నలుగురు పిల్లలు పోయారు. పిల్లల్లో ఒక్కోసారి ఇది కిడ్నీలకే ఎసరు పెడుతుంది.

దాని ఇల్లు ఎక్కడ? పశువు పేగులో. చిత్రమేమిటంటే, పశువుకు చీమ కుట్టినట్టు కూడా ఉండదు. ఆ క్రిమి విషం అంటుకోవడానికి మన రక్తనాళాల్లో ఉండే పట్టు పశువు పేగు నాళాల్లో లేదు. అందుకే నున్నగా మెరిసే ఒంటితో, హాయిగా నెమరేస్తూ, చేపితే బిందె నింపే ఆవు కూడా పేడలో ఆ క్రిమిని వదులుతూ ఉండవచ్చు, ఆ పేడ పొదుగుకు అంటి పాలలోకి చేరవచ్చు. చూసి కనిపెట్టలేం. మా ఊళ్లో గొడ్లను చూడగానే జబ్బు చెప్పే పెద్దలు ఉండేవారు, వాళ్లకూ ఇది అందేది కాదు.

ఎన్ని గొడ్లలో ఉంటుందంటారా? 1999 వేసవిలో అమెరికా మధ్యపశ్చిమంలో కబేళాలకు వచ్చిన పశువుల పేడ పరీక్షిస్తే 327లో 91కి ఉంది, అంటే 28 శాతం. మందల లెక్కన చూస్తే 72 శాతం మందల్లో కనీసం ఒక్క పశువులోనైనా దొరికింది. ఒకసారి చూసి లేదని వదిలేసిన మందలోనే మరో నెల చూస్తే ఉంటుంది. ఎండాకాలం ఎక్కువ, చలికాలం తక్కువ. మందలో కొన్నే గ్రాము పేడకు పదివేలకు పైగా క్రిములు వదులుతాయి, మిగతావాటికి పంచిపెట్టేది ఎక్కువగా అవే. మనిషికి పదుల సంఖ్యలో చేరినా చాలు, జబ్బు రావచ్చు.

దాణా మేపే ఫారాల పాపమే ఇదంతా అని తేల్చేద్దామనే నాకూ ఉంది. జొన్నచొప్పా పచ్చగడ్డీ తిన్న మా గొడ్లకు ఈ పీడ ఉండేది కాదని చెప్పాలని నోరు దురదపెడుతోంది. కానీ గడ్డి మేసే పశువుల్లోనూ అది దొరుకుతోంది. కాబట్టి మా దొడ్లోనూ ఉండే ఉంటుంది. మా రోజుల్లో గుమ్మపాలు తాగి కండలు పెంచిన పహిల్వాన్లు ఉన్నారు, నిజమే. విరేచనాలతో పోయిన పసివాళ్లూ వీధివీధికీ ఉన్నారు. ఏ క్రిమి వల్ల పోయారో చూసినవాడు లేడు.

అయినా నా మాట నాదే. పొదుగు కడగందే మా అమ్మమ్మ గేదె కింద కూర్చునేది కాదు. పేడ ఎత్తిన చేతులు బూడిదతో తోమందే వంటింటి గడప దాటనిచ్చేది కాదు. కారణం ఆమెకు తెలియదు, అలవాటు తెలుసు. మీకు కారణమంతా ఫోనులో ఉంది, అలవాటే పోయింది. పెంటపోగు పక్కనే బోరు వేస్తారు. కెనడాలో వాకర్‌టన్ అనే చిన్న ఊళ్లో 2000 మేలో పెద్దవాన పడి, పక్క పొలంలోని పశువుల పేడ ఈ క్రిమితో సహా ఊరి బావిలోకి దిగింది. నీళ్లలో క్లోరిన్ కలిపేవాళ్లు అశ్రద్ధ చేశారు. అయిదు వేల జనాభాలో రెండు వేల మూడు వందల మంది మంచాన పడ్డారు, ఏడుగురు చనిపోయారు.

దాలి పెట్టుకోమని నేననను, మీ ఫ్లాటులో పొగకు పక్కింటివాళ్లు పోలీసులను పిలుస్తారు. గ్యాసుపొయ్యి మీద ఒక్క పొంగు రానిచ్చినా ఈ క్రిమి చచ్చిపోతుంది. 72 డిగ్రీల దగ్గర పదిహేను సెకన్లు ఉంచినా దాని పని అయిపోతుంది. సెలవుల్లో పిల్లల్ని ఫారాలకు తీసుకెళ్లి దూడల్ని ముద్దాడిస్తున్నారు కదా, ఇంటిదాకా ఆగకుండా అక్కడికక్కడే సబ్బుతో చేతులు కడిగించండి. ఆ గాజుసీసా పాలు తెప్పించుకోవద్దని చెప్పడం లేదు, మంచి పాలే కావచ్చు. కాచి తాగండి నాయనా, పసివాళ్లున్న ఇల్లయితే మరీనూ.